జాతి పేరు కాదు, తల్లి కుక్కను చూపించమనండి

ఎక్కడో ఒక కుక్క మనిషి ప్రాణం తీసిందన్న వార్త రాగానే జనం రెండు సామెతల కింద రెండు జట్లుగా చేరిపోతారు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అనేది ఒక జట్టు. ఆ జాతి రక్తమే అంత, నిషేధించి పారేయాలంటుంది. "మొక్కై వంగనిది మానై వంగునా" అనేది రెండో జట్టు. కుక్కదేం పాపం, పెంచినవాణ్ణి అనాలంటుంది. ఇద్దరూ కుక్కనీ యజమానినీ మార్చి మార్చి చూస్తారు తప్ప, వాళ్లిద్దరికీ మధ్య ఉన్న మనిషిని పట్టించుకోరు. ఏ ఆడకుక్కని ఏ మగకుక్కతో కట్టించాలో నిర్ణయించి, పుట్టిన పిల్లల్ని మొదటి ఎనిమిది వారాలు తన దగ్గర పెట్టుకున్న మనిషి. అంటే బ్రీడర్. వాదన అంతా ఈ మనిషి చుట్టూ జరగాల్సిందని నా అభిప్రాయం.

ముందు "అంతా పెంపకమే" అనేవాళ్ల సంగతి చూద్దాం. కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లలో ఈ మాటే ఎక్కువ, దీనివల్ల జరిగే నష్టమూ తక్కువేం కాదు. గొర్రెలను మళ్లించే బోర్డర్ కోలీ జాతిలో, గొర్రె మొహం ఎన్నడూ చూడని పిల్ల, పరుగెత్తే చిన్నపిల్లల వెనకాల ఒళ్లు వంచి, మెడ చాచి, రెప్ప వాల్చకుండా పొంచి నడుస్తుంది. వేటగాడికి పిట్ట ఉన్న చోటు చూపించే పాయింటర్ జాతి పిల్ల, దారానికి కట్టిన ఈకను చూసి ముందుకాలు ఒకటి పైకెత్తి కొయ్యబారిపోతుంది. దీనికి వాటిని ఎవరూ తరిఫీదు చేయలేదు. వేట అనేది ఒక వరుసలో సాగే పని: చూడటం, పొంచడం, తరమడం, పట్టడం, విదిలించి చంపడం, చీల్చి తినడం. తోడేలులో ఈ గొలుసు పూర్తిగా ఉంటుంది. మనిషి తరతరాలుగా చేసిందల్లా తనకు పనికొచ్చే లంకెలను లావు చేసుకుని, పనికిరానివాటిని అరగదీయడం. కోలీలో పొంచడం, తరమడం పెరిగాయి, కొరకడం తగ్గింది. కొట్టిన పిట్టను తెచ్చిచ్చే రిట్రీవర్ పట్టుకుంటుంది గాని నమిలెయ్యదు. టెర్రియర్‌కి ఎలుకల్లాంటివాటిని పట్టి విదిలించడంలోనే ఆనందం. మందకు కాపలా కాసే జాతుల్లో తరమడం దాదాపు మాయమై, కొత్తవాళ్ల మీద అనుమానం గట్టిపడింది. పందేల కోసం పెంచిన వంశాల్లో ఎదుటి కుక్క లొంగినా వదలకపోవడం, నొప్పి పుట్టినా వెనక్కి తగ్గకపోవడం అనే రెండు గుణాల కోసం ఏరుకుంటూ వచ్చారు. ఇంత ఏరివేత జరిగాక "కుక్కపిల్ల తెల్ల కాగితం లాంటిది" అంటే అది ప్రేమ కొద్దీ చెప్పే అబద్ధమే.

దీనికి నక్కల ప్రయోగాన్ని మించిన సాక్ష్యం లేదు. 1959లో సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో ద్మిత్రీ బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త వెండి నక్కలను పెంచుతూ, ప్రతి తరంలోనూ మనిషిని చూసి భయపడనివాటినే ఏరి వాటికే సంతానం కలగనిచ్చాడు. కొన్ని దశాబ్దాలకే తోక ఊపుతూ చేతులు నాకే నక్కలు వచ్చాయి. ఆ తర్వాత అక్కడే దానికి ఎదురు వంశాన్నీ తయారు చేశారు. మనిషి చెయ్యి కనబడితే బోను కమ్మీల మీదికి దూకేవాటిని ఏరుతూ పోయారు. ఆ పిల్లల్ని సాధువైన తల్లి దగ్గర పెంచి చూసినా పోలిక కన్నతల్లిదే వచ్చింది.

అయితే జాతి పేరు పట్టుకు వేలాడే జట్టు దీన్ని తన గెలుపుగా లెక్కేసుకోవడానికి వీల్లేదు. ఆ నక్కలన్నీ ఒకే జాతివి. ఎవరు ఏం ఏరారన్న తేడా ఒక్కదానితోనే రెండు రకాల జంతువులు తయారయ్యాయి. కుక్కల్లోనూ అంతే. ఇంగ్లిష్ స్ప్రింగర్ స్పానియల్‌ జాతిలో ప్రదర్శనల కోసం పెంచిన వంశాలు, వేట కోసం పెంచిన వంశాల కంటే ఎక్కువ కోపిష్టివని 2008లో వచ్చిన అధ్యయనంలో తేలింది. ఇంగ్లిష్ కాకర్ స్పానియల్‌లో ఒంటినిండా ఒకే రంగున్నవి, మచ్చలున్న వాటికంటే ఎక్కువగా ఎదురు తిరుగుతున్నట్టు 1996లోనే గమనించారు. రంగుకీ కోపానికీ నేరుగా లంకె ఉండనక్కర్లేదు, రంగును బట్టి వంశాలు వేరుపడిపోవడం ఒక్కటీ చాలు. కాగితం మీద జాతి పేరు అదే ఉంటుంది, దాని వెనకున్న రక్తం మాత్రం మారిపోతూ ఉంటుంది.

2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన ఈ సంగతిని అంకెల్లో చూపించింది. 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నలడిగి, వాటిలో 2 వేలకు పైగా కుక్కల జన్యువులను చదివారు. ఒక కుక్క తీరుకీ మరో కుక్క తీరుకీ ఉన్న తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతం. చెప్పిన మాట వినడంలో జాతి పాత్ర కాస్త ఎక్కువగానే కనబడింది. ఎంత త్వరగా చికాకుపడి ఎదురు తిరుగుతుందన్న గుణంలో మాత్రం జాతిని బట్టి చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు. ఇది కోలీ పిల్ల పొంచి నడవడాన్ని కాదనదు. పొంచడం ఒక పనితనం, దానికోసం కచ్చితంగా ఏరారు. కోపం హద్దు అనేది ప్రతి జాతిలోనూ ఇటు నుంచి అటు చివరిదాకా పరుచుకుని ఉంది. పైగా ఆ శాతం లెక్క "స్వభావం పుట్టుకతో రాదు" అనడం లేదు, జాతి పేరులోంచి స్వభావాన్ని చదవలేమంటోంది. ఈ రెండు మాటల మధ్య తేడాను చాలామంది దాటేస్తారు.

పేరును నమ్ముకుంటే ఏమవుతుందో బ్రిటన్ చట్టం చూపిస్తుంది. 1991లో తెచ్చిన ప్రమాదకర కుక్కల చట్టం పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫీలా బ్రసిలేరో అనే నాలుగు రకాలను నిషేధించింది. 2023 డిసెంబరు 31 నుంచి, అమెరికన్ బుల్లీల్లో పెద్ద రకమైన ఎక్స్‌ఎల్ బుల్లీలను ఈనించడం, అమ్మడం నిషేధమయ్యాయి. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో మినహాయింపు పత్రం లేకుండా వాటిని ఉంచుకోవడమే నేరమైంది. మరి ఎక్స్‌ఎల్ బుల్లీ అంటే ఏది? చట్టం తల్లిదండ్రుల్ని అడగదు, టేపు పట్టుకుని వస్తుంది. మగదైతే భుజం దగ్గర 51 సెంటీమీటర్లు, ఆడదైతే 48, ఆపైన తల, మూతి, ఛాతీ కొలతలు. అందుచేత ఒకే ఈతలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు నేరస్తుడు, రెండోవాడు పెంపుడు కుక్క అయ్యే వీలుంది. ఎత్తు కొలిచి కోపం చెప్పడం ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు. నెదర్లాండ్స్ కూడా 1993లో పిట్‌బుల్‌లను నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఆ నిషేధాన్ని ఎత్తేయాలని నిర్ణయించుకుంది.

కంటిచూపుతో జాతి పోల్చడం అనుభవజ్ఞులకే కుదరని పని. అమెరికాలో కుక్కల షెల్టర్లలో పనిచేసేవాళ్లకు 120 కుక్కలను చూపించి, తర్వాత డీఎన్‌ఏతో సరిచూశారు. కనీసం ఒక్కరైనా పిట్‌బుల్ రకమన్నవి 62 కాగా, ఆ రక్తం నిజంగా ఉన్నవి 25. ఇక దాడి జరిగిన కంగారులో చూసినవాళ్లు చెప్పే జాతి పేరుకు ఎంత విలువివ్వాలో మీరే ఆలోచించండి.

ఇంత చెప్పినా జాతి విషయంలో ఒక్కటి మాత్రం దాచకూడదు, అది ఒడ్డూ పొడుగూ. ఇందాకటి 2008 అధ్యయనంలో మనుషుల మీద కోపం ఎక్కువగా చూపిన జాతుల్లో డాక్స్‌హుండ్, చివావా లాంటి చిన్న కుక్కలు ముందున్నాయి. వాటి కాట్లు వార్తల్లోకి ఎక్కవు, ఎందుకంటే కట్టు కట్టించుకుంటే సరిపోతుంది. యాభై కిలోల కుక్క జీవితంలో ఒక్కసారి కరిచినా అది ఒక కుటుంబాన్ని కూల్చగలదు. కాటు ఎన్నిసార్లు, కాటు ఎంత లోతు అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. జాతి మొదటిదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు, రెండోదానికి బాగానే చెబుతుంది. పట్టుకుని విదిలించే అలవాటున్న వంశమైతే గాయం చీలికలా ఉంటుంది, వెనకనుంచి మడమ కొరికే పశువుల కాపరి వంశమైతే పిక్కకు పళ్లు తగిలించి వదిలేస్తుంది. (పిట్‌బుల్ దవడకు తాళం పడుతుందన్న కథ ఇంకా తిరుగుతూనే ఉంది. అలాంటి ఎముకా కీలూ ఏ కుక్కకీ లేవు. వదలకపోవడం దవడలో ఉన్న గుణం కాదు, పట్టుదలలో ఉన్నది.)

లోతును కొలవడానికి ఇయన్ డన్‌బార్ అనే పశువైద్యుడు ఆరు మెట్ల కొలమానం ఇచ్చాడు. ఒకటో మెట్టులో గాలిలో కొరుకుతుంది, పళ్లు తగలవు. రెండులో పళ్లు చర్మాన్ని తాకుతాయి, దిగవు. మూడులో ఒకే కాటుకు ఒకటి నుంచి నాలుగు రంధ్రాలు, ఏదీ కోరపన్ను పొడుగులో సగానికి మించి దిగదు. నాలుగులో సగానికి మించి దిగుతుంది, చుట్టూ కమిలిన మచ్చ, విదిలించిన చీలిక ఉంటాయి. ఐదులో అలాంటి కాట్లు చాలా, ఆరులో చావు. రెండుకీ మూడుకీ మధ్య ఉన్న గీత కంటే మూడుకీ నాలుగుకీ మధ్య ఉన్న గీత చాలా పెద్దది. మూడో మెట్టు కుక్క కోపంలోనూ దవడను అదుపులో పెట్టుకుంది, నాలుగో మెట్టుది పెట్టుకోలేదు. "మా కుక్క ఒకసారి కరిచింది" అనేవాళ్లను మొదట అడగాల్సింది జాతి పేరు కాదు, గాయం ఏ మెట్టుదన్నది. రేబిస్ సంగతి దీంతో కలపకండి. గీరుకుపోయినా సరే, సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

దవడను అదుపులో పెట్టుకోవడం ఎక్కడ నేర్చుకుంటుంది? చాలామటుకు తోడబుట్టినవాటితో ఆటలో. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని ఆట మానేస్తుంది, అదే పాఠం. ఐదారు వారాలకే తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి అమ్మిన పిల్లకు ఆ పాఠం సగంలో ఆగిపోతుంది. మనుషులకు అలవాటుపడే వయసు మూడో వారంలో మొదలై పన్నెండు, పద్నాలుగు వారాలకు మూసుకుపోతుంది. 1961లో వచ్చిన ఒక ప్రయోగంలో కుక్కపిల్లల్ని కంచె వేసిన పొలంలో మనుషులకు దూరంగా పెంచి, వేర్వేరు వయసుల్లో ఒక్కో వారం మనుషుల మధ్యకు తెచ్చారు. పద్నాలుగు వారాల దాకా మనిషిని చూడనివి అడవి జంతువుల్లా తయారయ్యాయి. లెక్క వేయండి: మూడు నుంచి పద్నాలుగు దాకా ఉన్న పదకొండు వారాల్లో మొదటి ఐదూ బ్రీడర్ చేతిలోనే గడిచిపోతాయి. షెడ్డులో, చీకట్లో, గిన్నె తోసేసి వెళ్లే ఒక్క మనిషి తప్ప ఎవరూ కనబడని చోట పుట్టిన పిల్లను ఎంత ప్రేమగా ఇంటికి తెచ్చుకున్నా, పోయిన ఐదు వారాలు తిరిగి రావు.

అందుకే పిల్లను చూడటానికి వెళ్తే ముందు తల్లిని చూపించమనండి. పిల్లలున్న తల్లి కాస్త అనుమానంగా చూడటం మామూలే. ఇంటి మనిషి పక్కనుంటే ఐదు పది నిమిషాల్లో సర్దుకోవాలి, వచ్చి వాసన చూసి వెళ్లిపోవాలి. "కొత్తవాళ్లంటే పడదండీ, గదిలో కట్టేశాం" అంటే ఆ ఒక్క మాట చాలు, చెప్పులేసుకుని బయటికి వచ్చేయండి. పిల్లలు ఎంత ముద్దుగా ఉన్నా సరే. పిరికితనం తల్లి నుంచి రక్తంలోనూ వస్తుంది, తల్లి వణుకు చూసి పిల్లలు నేర్చుకోవడంలోనూ వస్తుంది. మగకుక్క వేరే ఊళ్లో ఉంటే వీడియో అడగండి. అంతకంటే ముఖ్యం, అదే జంటకు ముందు ఈతలో పుట్టి ఇప్పుడు రెండేళ్లు దాటిన కుక్కల యజమానులతో మాట్లాడించమనండి. వాళ్లను "మంచిదేనా" అని అడిగితే అందరూ మంచిదనే అంటారు. ఎముక నములుతుంటే పక్కనుంచి నడిచి వెళ్లగలరా, గోళ్లు తీయనిస్తుందా, డాక్టరు బల్ల మీద ఎలా ఉంటుంది, పడుకున్నప్పుడు కాలు తగిలితే ఏం చేస్తుంది అని అడగండి.

రెండేళ్లు దాటినవే ఎందుకంటే, కాపలా జాతుల్లో అసలు స్వభావం ఆలస్యంగా బయటపడుతుంది. ఆరు నెలలప్పుడు ఎవరొచ్చినా తోక ఊపే పిల్ల, ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య ఒకరోజు గేటు దగ్గర బిగుసుకుని నిలబడుతుంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి, పెంపకంలో ఏం తప్పు చేశామా అని వెనక్కి వెతుక్కుంటారు. చాలాసార్లు ఏ తప్పూ ఉండదు. కొన్నది కాపలా కుక్కని, అది ఇప్పుడు ఉద్యోగంలో చేరింది, అంతే. ఆ రోజు వస్తుందని తెలిసి కొన్నవాళ్లు ముందే గేటుకూ ఇంటి తలుపుకూ మధ్య ఇంకో తలుపు పెట్టించుకుంటారు, అతిథి రాగానే వెళ్లి పడుకునే చోటు నేర్పుతారు. తెలియనివాళ్లు గొలుసు కొంటారు. గొలుసుకు కట్టిన కుక్కకు పారిపోయే దారి ఉండదు. భయపడ్డ జంతువుకు పారిపోవడం, ఎదురు తిరగడం అని రెండే దారులుంటే, మొదటిదాన్ని మనమే మూసేసినట్టు.

ఇక పెంచేవాళ్ల వంతు. వీళ్లు చేసే తప్పుల్లో అన్నిటికంటే ఖరీదైనది గుర్రుమన్నందుకు కొట్టడం. తింటున్న కుక్క దగ్గరికి మనిషి నడిచి వస్తున్నప్పుడు దగ్గరగా గమనించండి. మొదట తినే వేగం పెరుగుతుంది. తల గిన్నెలోకి ఇంకా దిగుతుంది. తర్వాత నమలడం ఆగి ఒళ్లు బిగుస్తుంది, తల కదలకుండా కన్ను మాత్రం మీ వైపు తిరిగి అంచున తెల్లగుడ్డు కనబడుతుంది. పెదవి లేస్తుంది. అప్పుడు గుర్రు. ఆ తర్వాత గాలిలో కాటు. అప్పటికీ వినకపోతే నిజం కాటు. గుర్రుకి ముందే నాలుగైదుసార్లు మర్యాదగా చెప్పింది, మనమే వినలేదు. అక్కడ ఒక దెబ్బ వేస్తే కుక్కకు గిన్నె మీద బెంగ తగ్గదు, గుర్రుమనకూడదని మాత్రం అర్థమవుతుంది. ఇక మీదట మధ్య మెట్లు లేకుండా నేరుగా కాటుకే వస్తుంది. "చెప్పాపెట్టకుండా కరిచింది" అనే కుక్కల్లో చాలావాటికి చెప్పే అలవాటును ఎవరో ఒకరు మాన్పించి ఉంటారు. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి దగ్గరికి పోవద్దు గాని, మొరుగుడు మాన్పించిన కుక్క నుంచి మాత్రం ఇంకా దూరంగా ఉండండి.

"ఇంట్లో పెద్ద ఎవరో చూపించాలి" అని కుక్కను వెల్లకిలా పడేసి అదిమిపట్టే పద్ధతి ఇంకా నడుస్తోంది. 2009లో వచ్చిన ఒక సర్వేలో ప్రవర్తన సమస్యలున్న కుక్కల యజమానులు చెప్పినదాన్ని బట్టి, కొట్టినా తన్నినా ఎదురు తిరిగినవి 43 శాతం, వెల్లకిలా అదిమితే తిరగబడ్డవి 31 శాతం. బలమైన కుక్కకు ఇలాంటి యజమాని దొరికితే అప్పుడు జాతికీ పెంపకానికీ పెళ్లయినట్టే.

గిన్నె దగ్గరి బెంగకు పరిష్కారం దెబ్బ కాదు, లెక్క. పళ్లెంలో మామూలు తిండి వేసి, కుక్క ఒళ్లు బిగుసుకోని దూరం ఎంతో చూసుకోండి, ఉదాహరణకు రెండు మీటర్లు. అక్కడిదాకా నడిచి, గిన్నెలో ఉన్నదానికంటే రుచైన మాంసం ముక్కను గిన్నె వైపు విసిరి వెనక్కి వచ్చేయండి. ఒక పూటకు ఐదారుసార్లు చాలు. మీ అడుగు వినబడగానే తల ఎత్తి తోక వదులుగా ఊపడం మొదలయ్యాకే ఒక అర అడుగు ముందుకు జరగండి. బిగుసుకుంటే తొందరపడ్డారని అర్థం, వెనక్కి జరగండి. తింటుండగా గిన్నెలో చెయ్యి పెట్టి "అలవాటు చేయడం" మాత్రం మానుకోండి. లేని బెంగను పుట్టించడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. పిల్లలున్న ఇంట్లో ఈ సాధన పెద్దవాళ్లే చేయాలి, కుక్క తినేచోటికీ పిల్లలకీ మధ్య తలుపు ఉండాలి.

ప్రాణాలు పోయిన సందర్భాల్లో ఏం జరిగిందో తెలియాలంటే 2013లో అమెరికాలో వచ్చిన అధ్యయనాన్ని చూడాలి. 2000 నుంచి 2009 దాకా జరిగిన 256 మరణాల పోలీసు వివరాలను తవ్వారు. 87 శాతం సందర్భాల్లో అడ్డుపడగల మనిషి దగ్గర లేడు. 85 శాతంలో చనిపోయినవాళ్లకు ఆ కుక్కతో చనువు లేదు. 84 శాతంలో కుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాలేదు. 76 శాతంలో ఆ కుక్క ఇంటి మనుషుల మధ్య కాకుండా విడిగా పడి ఉండేది. వీటిలాంటి కారణాలు నాలుగో అంతకంటే ఎక్కువో ఒకేచోట కలిసినవి 80 శాతం. జాతి నమ్మకంగా తేల్చగలిగింది 18 శాతం లోపే. ఆపరేషన్ అంకెను చూసి అదే మందనుకోకండి. భయంతో కరిచే మగకుక్కకు ఆపరేషన్ చేయించినంత మాత్రాన భయం పోదు. ఆ అంకె చాలామటుకు, పట్టించుకోని యజమాని వదిలేసిన పనుల్లో అదీ ఒకటని చెబుతోంది.

ఇప్పటికే ఇంట్లో ఉన్న కుక్క, ఇప్పటికే కరిచిన కుక్క అయితే బ్రీడర్‌ను తిట్టుకుని లాభం లేదు. ముందు వెటర్నరీ డాక్టరుకి చూపించండి. పెద్దవయసులో హఠాత్తుగా కోపం వస్తే చెవి పోటో, పన్నో, తుంటి కీలు నొప్పో ఉండటం చాలా మామూలు. కాటు మూడో మెట్టు లోపైతే ప్రవర్తన తెలిసిన నిపుణుడితో సాధన చేయొచ్చు. నాలుగో మెట్టుదో అంతకు మించిందో అయ్యిందీ, ఇంట్లో చిన్నపిల్లలున్నారూ అంటే కుక్కకీ పిల్లలకీ మధ్య ఎప్పుడూ రెండు అడ్డంకులు ఉండాలి. తలుపు ఒకటి మరిచిపోయినా గేటు ఉంటుంది. అది జీవితాంతం కుదరదనిపిస్తే, నొప్పి లేకుండా నిద్రపుచ్చడం గురించి డాక్టరుతో మాట్లాడటం క్రూరత్వం కాదు. కరిచిన సంగతి దాచి ఇంకొకరికి ఇచ్చేయడమే క్రూరత్వం.

బయటికి తీసుకెళ్లేటప్పుడు మూతికి తొడిగే, బుట్ట ఆకారంలో ఉండే చిక్కం (మజిల్) కొనండి. నోరు కట్టేసే గుడ్డ రకం వద్దు. దానితో కుక్క నోరు తెరిచి రొప్పలేదు, రొప్పలేని కుక్కకు ఒంట్లో వేడి దిగదు. బుట్టలో నోరు పూర్తిగా తెరుచుకోవాలి, నీళ్లు తాగగలగాలి. మొదటి రెండు మూడు రోజులు దాన్ని తిండి గిన్నెలా వాడండి: లోపల ముక్క పెట్టి, మూతి తానే దూర్చి తీసుకోనివ్వండి, పట్టీ ముట్టుకోవద్దు. తర్వాత మూతి లోపల ఉండగా ముక్క తర్వాత ముక్క ఇస్తూ నిలిపే సమయాన్ని సెకను సెకనుగా పెంచండి. పది సెకన్లు హాయిగా ఉండగలిగాకే పట్టీ బిగించి, వెంటనే విప్పేయండి. తర్వాత అర నిమిషం, ఐదు నిమిషాలు, ఇంట్లోనే ఒక చుట్టు. కాలితో గీక్కుని ఊడదీయాలని చూస్తోందంటే మీరు ఒక మెట్టు దాటేశారు, ముందు మెట్టుకు తిరిగి వెళ్లండి. రెండు మూడు వారాలకు చిక్కం చేతిలోకి తీసుకోగానే నడకకు వెళ్తున్నామని పరుగెత్తుకొచ్చి మూతి తానే అందిస్తుంది.